నల్లగొండలో ఒక అనవసర మహాకార్యం

నల్లగొండ జిల్లా భారీ ప్రాజెక్టులు చూడనిది కాదు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఈ గడ్డ మీదిదే. కానీ గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో, మా వీధిలోని ఒక డాబా గదిలో నడుస్తున్న ప్రాజెక్టుకు శంకుస్థాపన లేదు, బడ్జెట్ లేదు, అవసరం అసలే లేదు. ఒక కుర్రాడు సరదాగా రాసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1998 నాటి సన్ అల్ట్రా 5 వర్క్‌స్టేషన్ అనే కంప్యూటర్ మీద నడిపిస్తానని కూర్చున్నాడు. దాన్ని చేసిన కంపెనీని ఒరాకిల్ 2010లోనే కొనేసింది కాబట్టి, మొరపెట్టుకోవడానికి కూడా దిక్కులేదు.

ప్లాట్ల బిజినెస్ చేసే వాళ్ల చిన్నాయన ఓసారి మెట్లెక్కి వచ్చాడు.

"గిది నడిస్తే ఏం ఫాయిదా బిడ్డా?"

"ఏం లేదు చిన్నాయనా."

"ఇంతకుముందు దీనిమీద ఏదీ నడుస్తలేదా?"

"నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మంచిగనే నడుస్తది."

చిన్నాయన ఇంకేమీ అడగలేదు. పిల్లగాడికి గాలి సోకిందేమో చూడమని వదినకు చెప్పి దిగిపోయాడు.

నేను మాత్రం కుర్రాడి పక్షమే. మెమరీలో ఒక సంఖ్యను దాచేటప్పుడు ఇంటెల్ ప్రాసెసర్ దాని చిన్న విలువ బైటును ముందు పెడుతుంది. అల్ట్రా 5లోని స్పార్క్ ప్రాసెసర్ పెద్ద విలువ బైటును ముందు పెడుతుంది, మనం ఇంటిపేరు ముందు రాసుకున్నట్టు. సంస్కారం ఎవరిదో వేరే చెప్పాలా? ఈ తేడా మరిచి కోడ్ రాస్తే 1 కాస్తా 1,67,77,216 అయిపోతుంది. కుర్రాడు దీన్ని బగ్ అంటున్నాడు. చిన్నాయన బ్రోచర్లలో ఇలాంటి పెరుగుదలకే మూడేళ్ల గ్యారంటీ ఇస్తారు.

పైగా నాలుగు బైట్ల సంఖ్య నాలుగుతో భాగించబడే అడ్రసులోనే ఉండాలి. ఒక్క బైటు పక్కకు జరిగినా ఇంటెల్ చూసీచూడనట్టు పోతుంది. స్పార్క్ మాత్రం అక్కడికక్కడే ట్రాప్ వేసి పని ఆపేస్తుంది. హద్దురాయి జరిపితే ఒప్పుకోదన్నమాట. దీన్ని తీసుకెళ్లి లేఔట్లకు పర్మిషన్ ఇచ్చే కుర్చీలో కూర్చోబెట్టాలని నా మనవి.

లోపాలు లేవని కాదు. చిప్‌లోనే పొదిగిన బ్యాటరీ అయిపోయి, మెషీన్ నెట్‌వర్క్‌లో తన గుర్తింపైన ఈథర్‌నెట్ అడ్రసే మరిచిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పేరూ ఊరూ ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మళ్లీ చెప్పాలి. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే.

మొన్న సీరియల్ కేబుల్ గుండా కుర్రాడి సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తొలి పలుకు ఒక లైను వచ్చింది, వెంటనే క్రాష్ అయింది. చిన్నాయన వెంచర్‌కైతే ఇంకా మట్టిరోడ్డు కూడా పడలేదు. అయినా కుర్రాడికి ఒక్క సంబంధమూ రావడం లేదు, అక్కడ కార్నర్ బిట్లన్నీ అమ్ముడైపోయాయి.