‘ఇంటి చుట్టూ సిమెంట్ చేయిస్తే చెమ్మ రాదు’ అన్న మెసేజ్ నమ్మి అడ్వాన్సులు ఇవ్వకండి

వానలు మొదలైన దగ్గర్నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "ఇంటి చుట్టూ మట్టి కనపడకుండా సిమెంటో టైల్సో వేయించండి, గోడలకు చెమ్మ రాదు. పాతవి ఉంటే వాటి మీదే వేసేయండి. నీళ్లు ఈశాన్యానికే పోవాలి. అప్పటికీ చెమ్మ ఉంటే లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టిస్తే చాలు." ఇద్దరు ముగ్గురు అప్పుడే మేస్త్రికి అడ్వాన్సు కూడా ఇచ్చారని తెలిసి రాస్తున్నాను.

మట్టి కప్పేసినంత మాత్రాన చెమ్మ ఆగదు. మల్కాజిగిరిలో మా ఇంటికి మూడు వైపులా పార్కింగ్ టైల్సే, అయినా ప్రతి వానకీ పడగ్గది గోడ అడుగున ఉప్పు తేలి పెచ్చులు ఊడేవి. ఒకరోజు ప్రహరీ పక్కన బకెట్ నీళ్లు గుమ్మరించి చూశాను. వీధి వైపు పోవాల్సినవి మెల్లగా వెనక్కి జారి గోడ మొదట్లో చేరాయి, అక్కడ టైల్‌కీ గోడకీ మధ్య పది రూపాయల బిళ్ల దూరేంత సందు ఉంది, నీళ్లన్నీ అందులోకే దిగిపోయాయి. ఉత్త మట్టైతే ఎండ తగిలి ఆరేది. టైల్స్ కింద దిగిన తడి ఆరే దారి లేక గోడలోకి ఎక్కుతుంది. పైగా మన ఊళ్లో చాలాచోట్ల కొన్ని అడుగులు తవ్వితే బండే తగులుతుంది, ఇంకని నీళ్లు పక్కలకి పాకుతాయి.

కావాల్సింది వాలు. గోడ నుంచి బయటికి ప్రతి నాలుగడుగులకి ఒక అంగుళం. 200 గజాల జాగాలో ఒక్క అంగుళం వాన పడినా 4,000 లీటర్లు దాటుతుంది, అవన్నీ ఎటు పోతాయో టైల్స్ వేసే రోజే తేలాలి. మేస్త్రిని లెవెల్ పైపు పెట్టి చూపించమనండి, "కంటికే తెలుస్తుంది సార్" అంటే ఒప్పుకోకండి. గోడ పక్క సందును సాగే సీలెంట్‌తో నింపించండి, ఒట్టి సిమెంటైతే ఎండకి మళ్లీ విడిపోతుంది.

పాతవాటి మీదే వేయమనడం అన్నిటికన్నా ప్రమాదం. కింది తడి పైకి ఎక్కకుండా గోడ మొదలయ్యే చోట డీపీసీ అనే పొర వేస్తారు. బయటి నేల దానికి కనీసం ఆరంగుళాలు కిందే ఉండాలి. షాబాద్ బండల మీద మాలు, దాని మీద టైల్స్ అంటే అందులో మూడంగుళాలు పోయినట్టే. నేల ఆ పొరను దాటిందా, తడి నేరుగా ఇటుకలోకే. పాత తారు తీయకుండా మీదే రోడ్డు వేసి వేసి మన ఇళ్లు ఇప్పటికే పల్లమయ్యాయి, మనమే ఇంకా లోతు చేసుకుంటామా? ఖర్చు ఎక్కువైనా పాతవి పీకించండి.

ఈశాన్యం సంగతి. మా అమ్మకీ వాస్తు పట్టింపే, నేను కాదనను. కానీ వీధి మోరీ పడమరన ఉంటే నీళ్లు ఈశాన్యం మూలలోనే నిలిచిపోతాయి కదా. ఆ మూలన జాలీ పెట్టి, పైపుతో మోరీకో, గోడకి కనీసం పదడుగుల దూరంలో ఉన్న ఇంకుడు గుంతకో కలపండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి మాత్రం వద్దు, పెద్ద వానకి అదే పొంగి మన గడపల్లోకి వస్తుంది.

పెయింట్ మేం రెండేళ్లు వరసగా కొట్టించాం, రెండుసార్లూ పొక్కులొచ్చి ఊడింది. తడి గోడలోనే ఉంది మరి. వాలు సరిచేయించి, గోడ గీకించి ఒక ఎండాకాలమంతా ఆరనిచ్చాకే రంగు నిలిచింది.

అడ్వాన్సు ఇచ్చినవాళ్లు పని మొదలుపెట్టే ముందు ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. ఆదివారం పొద్దున రమ్మంటే లెవెల్ పైపు తీసుకుని నేనే వస్తాను.