‘అక్కడ మంట అంటే ఫంగసే’ అన్న మాట నమ్మకండి

ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం తెగ తిరుగుతోంది: “యోని దగ్గర మంట అంటే ఫంగసే. మందులషాపులో క్రీము తెచ్చి రాయండి, వాష్‌తో బాగా కడగండి. పరీక్షలన్నీ నార్మల్ వచ్చినా తగ్గలేదంటే అది మనసు సమస్య. పెళ్లయి ఒక కాన్పు అయితే అదే పోతుంది.” ఇందులో ఒక్క సలహా కూడా నిలవదు.

ఈస్ట్ అనే ఫంగస్ వల్ల దురద, మంట వస్తాయి, కాదనను. అయితే 2002లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, తమకున్నది ఈస్టేనని సొంతంగా మందు కొన్న 95 మందిని పరీక్షిస్తే, ఈస్ట్ ఒక్కటే ఉన్నవాళ్లు మూడోవంతే తేలారు. క్రీము మీద క్రీము రాస్తూ ఏళ్లు గడిపేవాళ్లలో కొందరికి ఉండేది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి. చర్మం తెల్లబడి పలచబడుతుంది, రాత్రిళ్లు దురద నిద్రపోనివ్వదు. దానికి డాక్టరు చెప్పినట్టు వాడే గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కావాలి. పట్టించుకోకపోతే కొద్దిమందిలో క్యాన్సర్ దాకా వెళ్తుంది.

కడగడానికి మామూలు నీళ్లు చాలు. సబ్బులు, వాష్‌లు మండే చర్మాన్ని ఇంకా మండిస్తాయి.

‘మనసు సమస్య’ అనడం నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. స్వాబ్ (దూదిపుల్లతో స్రావం తీసి చేసే పరీక్ష) నార్మల్ అంటే ఆ పరీక్షలో ఇన్ఫెక్షన్ కనబడలేదని అర్థం, అంతే. 3 నెలలు దాటినా స్పష్టమైన కారణం దొరకని నొప్పికి వల్వోడీనియా అని పేరుంది. ఆ పేరు పెట్టేముందు కారణం వెతకాలి కదా! డాక్టర్లు తడిపిన దూదిపుల్లతో యోనిద్వారం చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు మెల్లగా తాకుతూ, ఎక్కడ నొప్పి పుడుతోందో అడుగుతారు. చుట్టూరా మండితే హార్మోన్ల వైపు చూస్తారు: ముట్లు ఆగాయా, బిడ్డకు పాలిస్తున్నారా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అని. కింది వైపే నొప్పయితే కటి కండరాలు బిగుసుకుని ఉండొచ్చు, దానికి ఫిజియోథెరపీ ఉంది. కూర్చుంటే పెరిగి, లేస్తే తగ్గే నొప్పి అయితే ఆ భాగానికి స్పర్శనిచ్చే ప్యుడెండల్ నరాన్ని అనుమానిస్తారు. ఒకే మనిషిలో రెండు మూడు కారణాలు కలిసి ఉండటమూ మామూలే.

ఇక పెళ్లి మందు. నొప్పితో ఉన్న అమ్మాయికి పెళ్లి చేసేస్తే, కలయిక అంటేనే భయం పట్టుకుని కటి కండరాలు మరింత బిగుస్తాయి. కాన్పయ్యాక పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజన్ హార్మోన్ పడిపోయి మంట కొత్తగా మొదలయ్యేవాళ్లూ ఉన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏది తగిలితే వస్తుంది, ఇప్పటిదాకా ఏ క్రీములు రాశారు అన్నది కాగితం మీద రాసుకెళ్లండి. చూడకుండానే మందుచీటీ రాస్తుంటే, “ఒక్కసారి చూసి చెప్పండి మేడమ్” అని అడగండి.