మల్లెకు చేసే వైద్యం హైడ్రేంజాకు చేస్తే

ఈసారి మన న్యూజెర్సీ తెలుగు సంఘం మదర్స్ డే వేడుకలో వేదిక మీద నుంచి ఒక ఛలోక్తి వినబడింది. "పోయినేడు అమ్మలందరికీ హైడ్రేంజా పూలమొక్కల కుండీలిచ్చాం. ఒక్కరింట్లోనూ మళ్ళీ పూయలేదట. అందుకే ఈసారి ప్లాస్టిక్ పూలు, వీటినైతే ఎవరూ చంపలేరు!" హాలంతా నవ్వింది. ముందు వరసలో ఉన్న పెద్దావిడ ఒకరు మాత్రం నవ్వలేదు. "నా చెయ్యి ఎన్నడూ అంత చెడ్డది కాదమ్మా" అని పక్కావిడతో మెల్లగా అన్నారు. కడియం నర్సరీల పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆవిడ.

ఆవిడ చేతికి ఏ దోషమూ లేదు. ఆ మొక్కల్లో చాలావరకు చావనూ లేదు, పూయలేదంతే. పూయకపోవడం ఒక జబ్బు, వడలిపోవడం ఇంకొకటి, ఆకు పసుపెక్కడం మూడోది. మనం మాత్రం మూడింటికీ ఒకటే మందు పోస్తాం: నీళ్ళు. తగ్గకపోతే కత్తెర తీస్తాం.

ముందు ఆ కత్తెర సంగతి. మల్లెకు చలికాలంలో నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, తర్వాత ఎరువేసి తడిపితే కొత్త చిగుళ్ళ మీద వేసవికి విరగబూస్తుంది. గులాబీకీ దాదాపు అదే పద్ధతి. తరాలుగా మన చేతులకు అలవాటైన విద్య ఇది, తప్పేమీ లేదు. కానీ మన సంఘం పంచిన హైడ్రేంజా పెద్దాకు రకం, మాక్రోఫిల్లా. బంతుల్లాంటి గుత్తులతో నీలంగానో గులాబీగానో పూసేది. ఊటీ వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఇది పాత కొమ్మ మీద పూస్తుంది. వచ్చే జూన్ పూలకు మొగ్గ ఈ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కొమ్మ చివర పడిపోతుంది.

మనవాళ్ళ క్యాలెండరు చూడండి. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మలు అక్టోబరులో తిరుగు ప్రయాణం కడతారు. వెళ్ళే ముందు ఇల్లు సర్దినట్టే తోటా సర్దుతారు. కందిపొడి సీసాలు నింపిపెట్టడం ఒక పని, మోడుల్లా కనిపిస్తున్న కొమ్మల్ని మోకాలెత్తుకు కోసేయడం ఇంకో పని. ప్రేమగా, శుభ్రంగా, మరుసటి ఏడాది పూలన్నీ సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేస్తారు. వసంతంలో మొదట్లోంచి పచ్చగా గుబురుగా చిగుళ్ళు లేస్తాయి, పువ్వు ఒక్కటీ రాదు. ఈ లక్షణం కనిపిస్తే రోగం వేరులో లేదని అర్థం. ఈ రకానికి కత్తిరింపు పూలు వాడిన వెంటనే, జులై నెలాఖరులోపే. ఆ తర్వాత ఏం కోసినా మొగ్గను కోసినట్టే. శీతాకాలమంతా ఎండు గుత్తులను అలాగే వదిలేయండి, చూడ్డానికి అందంగా లేకపోయినా.

కోయకపోయినా పూయకపోతే, చాలాసార్లు చలి కోసిందన్నమాట. మన న్యూజెర్సీలో జనవరి చలి కన్నా ఏప్రిల్ చలి మోసకారిది. నాలుగు వెచ్చటి రోజులకు మొగ్గ విచ్చుకుంటుంది, ఆ వారమే ఒక రాత్రి మంచు పడుతుంది. విచ్చుకున్న మొగ్గ నల్లబడిపోతుంది. కొమ్మ బతికుందో లేదో తెలియాలంటే గోరుతో బెరడు గీకండి: లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమరంగుగా పొడిగా ఉంటే అక్కడిదాకా చచ్చింది. మే సగం దాటేదాకా ఏ కొమ్మనూ ఎండుకొమ్మ అని తీర్పు చెప్పొద్దు. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత మొక్క చుట్టూ తీగవల కట్టి ఎండాకులు నింపితే మొగ్గలు చాలావరకు దక్కుతాయి. ఏప్రిల్‌లో ఆకులు మెల్లగా తీసేసి, మంచు హెచ్చరిక ఉన్న రాత్రి పాత దుప్పటి కప్పండి. ఇదంతా చేసినా కొన్ని ఊళ్ళలో జింకలు వచ్చి మొగ్గలు కొరికిపోతాయి. వాటికి వల మంచి జవాబు.

ఇంకో దొంగ ఉన్నాడు, పచ్చిక ఎరువు. లాన్‌కు చల్లే నత్రజని పక్కనే ఉన్న పాదులోకి చేరితే ఆకు ఏపుగా పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది.

వడలడం దగ్గరే ఎక్కువ మొక్కలు నిజంగా చస్తాయి. హైడ్రేంజా ఆకు పెద్దది, మధ్యాహ్నం ఎండకు వేరు తాగేదాని కన్నా ఆకు వదిలేది ఎక్కువ. అప్పుడు తల వేలాడేసి, సాయంత్రానికి తనే లేస్తుంది. ఆ వేళ గొట్టం పట్టుకుని పరుగెత్తనక్కర్లేదు. వేలు మట్టిలోకి రెండంగుళాలు దించండి. పొడిగా ఉంటే నిండా పోయండి, తడిగా ఉంటే సాయంత్రం దాకా ఆగండి. మట్టి తడిగా ఉండి కూడా మర్నాడు ఉదయానికి లేవకపోతే వేరు కుళ్ళిందేమోనని అనుమానించాలి. కుండీలోంచి తీసి చూస్తే మంచి వేరు తెల్లగా గట్టిగా ఉంటుంది. కుళ్ళినది గోధుమరంగుకు తిరిగి, లాగితే పైతొడుగు ఊడివస్తుంది. పోయినేడు కుండీలకు సంఘం చుట్టించిన జిలుగు కాగితం చేసిన పని ఇదే. పోసిన నీళ్ళు బయటికి పోయే దారి లేక కాగితం అడుగున నిలిచాయి. అమ్మలు పాపం రోజూ పోశారు. నేలలో నాటాక ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న చోట వారానికి అంగుళం నీరు, వేళ్ళ మీద రెండు మూడంగుళాల చెక్కపొట్టు ఉంటే చాలు. ఆ పొట్టు మొదలును తాకకూడదు.

పసుపు ఆకును చూస్తే ఎక్కడ మొదలైందో అడగండి. కింది ముదురాకులు ఒక్కతీరుగా పసుపెక్కితే నత్రజని తక్కువ కావచ్చు, నీరు ఎక్కువా కావచ్చు. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే ఇనుము అందడం లేదు, మట్టిలో క్షారం ఎక్కువై ఉండొచ్చు. ఇంటి గోడవారగా నాటినవాటికి ఇది తరచూ వస్తుంది, పునాది కాంక్రీటులోని సున్నం మట్టిలో దిగుతుంది కాబట్టి. నీలంగా కొన్న మొక్క గులాబీకి తిరిగేదీ అందుకే. నీలానికి మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షారాల కొలత) 5 నుంచి 5.5 మధ్య ఉండాలి, మట్టిలో అల్యూమినియం కావాలి. రెండేళ్ళు దాటిన మొక్కకైతే గ్యాలను నీళ్ళకు ఒక టేబుల్‌స్పూను అల్యూమినియం సల్ఫేట్ కలిపి, ముందుగా తడిపిన మట్టిలో పోయొచ్చు. ఎక్కువైతే వేళ్ళు కాలతాయి. తెల్లపూల రకానికి ఎంత పోసినా రంగు మారదు. మన ఇళ్ళలో గుడ్డుపెంకులు, పైగా "పవిత్రమైంది కదా" అని హోమం బూడిద కూడా పాదులోకే వెళ్తాయి. రెండూ క్షారాన్ని పెంచేవే. బియ్యం కడుగు హాని చేయదు గానీ, అది కూడా నీళ్ళే అన్న లెక్క మర్చిపోకూడదు. ఏదైనా కలిపే ముందు రట్గర్స్ యూనివర్సిటీ ప్రయోగశాలకు మట్టి పంపి పరీక్ష చేయించండి.

ఆగస్టులో ఆకుల మీద వచ్చే ఊదారంగు అంచు మచ్చలకు కంగారు వద్దు. అది సెర్కోస్పోరా అనే శిలీంధ్రం తెచ్చే ఆకుమచ్చ తెగులు, మొక్కను చంపదు. నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో, పొద్దున్నే పోసి, రాలిన ఆకులు ఏరేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

కార్యవర్గం ఇబ్బందీ అర్థమవుతుంది. ప్లాస్టిక్ పువ్వు చవక, వాడదు, ఎవరినీ నొప్పించదనుకున్నారు. కానీ నొప్పించింది. ఏడాదికోసారి ఆ వేదిక దగ్గర అమ్మల చేతిలో పెట్టేది మట్టివాసన ఉన్నదైతే బాగుంటుంది. వచ్చే మే నెలలో హైడ్రేంజాల్లోనే పానిక్యులాటా అనే రకం ఇవ్వండి. లైమ్‌లైట్ లాంటివి కొత్త కొమ్మ మీదే పూస్తాయి. అక్టోబరులో మల్లెలా కత్తిరించేసినా మరుసటి వేసవికి పూస్తాయి, న్యూజెర్సీ చలి వాటికి లెక్కే కాదు. మాక్రోఫిల్లాయే కావాలంటే ప్రతి కుండీకీ తెలుగులో చీటీ కట్టండి: రకం పేరు, "జులై దాటాక కోయవద్దు" అన్న ఒక్క ముక్క. జులై పిక్నిక్‌లో పులిహోర వరసకు పక్కన ఒక బల్ల వేయండి. వాడిన ఆకు, గుప్పెడు మట్టి తెచ్చినవాళ్ళకు చూసి చెప్పేందుకు కౌంటీ మాస్టర్ గార్డెనర్లను, అంటే తోటపనిలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులను పిలవండి. పక్కన ఆ పెద్దావిడను కూర్చోబెట్టండి, మల్లె సంగతి వాళ్ళకు ఆవిడ చెబుతారు. కుండీలు పంచేటప్పుడు మాత్రం, ఆ జిలుగు కాగితం వేదిక మీదే విప్పేసి ఇవ్వండి.