తడిపి పూసేది

2020 అక్టోబరు నాటికి మా ఇంట్లో తుమ్మడం నేరం. నాకేమో మద్రాసులో ఈశాన్య రుతుపవనాల తొలి చినుకు పడిందంటే ముక్కు కూడా మొదలవుతుంది. మామూలు సంవత్సరాల్లో అయితే మిరియాల చారు తాగి ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. ఆ ఏడు అది కుదరదు. మా వీధి చివరింటికి అప్పటికే ఒకసారి కరోనా అని రేకులు కొట్టి పోయారు.

దానికి తోడు మా అత్తయ్య. మనవరాలి పుట్టినరోజు చూసుకుని నాలుగు రోజుల్లో పోదామని మార్చిలో నెల్లూరు నుంచి వచ్చినావిడ, మార్చి 22న జనతా కర్ఫ్యూకి గిన్నె మీద గరిటె మోగించింది మొదలు మా హాల్లోనే స్థిరపడ్డారు. ఒంటి తుమ్ము అపశకునం, వెంటనే రెండోది పడితే దోషం పోతుంది అనేది ఆవిడ పాత శాస్త్రం. కరోనా వచ్చాక శాస్త్రం తిరగబడింది. ఒక తుమ్మైతే దుమ్ము, రెండైతే కరోనా. నేను ఒకసారి తుమ్మగానే ఆవిడ చిక్కుడుకాయలు ఒలవడం ఆపి, రెండోది వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవారు. రాకుండా ఆపుకోలేక నేను పడే యాతన ఆ ముక్కుకే తెలుసు. రోజూ పొద్దున్నే కబసుర కుడినీర్ ఒకటి. ఇక్కడ వీధివీధికీ పంచిపెట్టిన ఆ కషాయాన్ని ఆవిడ ‘బకాసురుడి నీళ్ళు’ అనేవారు. తాగితే పేరు సరైందే అనిపిస్తుంది.

చివరికి మాకు తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేశాను. “ఫ్లూ వచ్చినా జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులే. కరోనా వచ్చినా అవే. ఏది ఏదో తేలాలంటే ముక్కులో పుల్ల పెట్టించుకోవాలి. ఫ్లూ సూది వేయించుకోవయ్యా, ఒక గొడవైనా తగ్గుద్ది” అన్నారు. పుల్ల మాట వినగానే ఒప్పేసుకున్నాను.

ఈ తెలివి ఊరందరికీ ఒకేసారి వచ్చినట్టుంది. రెండు మందుల షాపుల్లో స్టాకు లేదు. మూడో చోట, ఒక చిన్న క్లినిక్కులో, ఉందన్నారు. ధర కూడా చెప్పారు. సూది నొప్పి అక్కడే సగం తీరిపోయింది.

వైరస్‌కి ఒళ్ళు కనపడకూడదని బిగుతైన ఫుల్ హాండ్స్ చొక్కా వేసుకుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వెళ్ళాను. పైన రెండు మాస్కులు. కళ్ళజోడు మీద ఆవిరి. నర్సు నిలువెల్లా ప్లాస్టిక్‌లో ఉంది, గొంతు మాత్రం బయటికి వస్తోంది. చెయ్యి పైకి మడవబోతే చొక్కా మోచేతి దగ్గరే ఆగిపోయింది. సూది పడాల్సింది భుజం కిందున్న కండలో. “సట్టయ కళట్టుంగ సార్” అంది.

చొక్కా విప్పడమంటే మాటలా? విప్పితే కింద బనియను ఉంటుంది. ఏడు నెలలుగా ఇంట్లోనే ఉద్యోగం. కంప్యూటర్ ముందు కూర్చునేవాడి బనియను ఎవరికి కావాలి? కొనలేదు. ఉన్నవాటిలో కాస్త బాగున్నదే అది. చేతుల బనియను, మెడ దగ్గర సాగిపోయి, దోమతెరలా పలచబడి, ఎడమ చేతి మీద రూపాయి బిళ్ళంత చిల్లుతో. నేను సిగ్గుతో చేత్తో కప్పుకోబోతే ఆ అమ్మాయి ఆపి, దగ్గరికొచ్చి పరీక్షగా చూసింది. సరిగ్గా సూది వెయ్యాల్సిన చోటే చిల్లు. “ఇదే చాలు సార్” అని అందులోంచే దూది పెట్టి తుడిచి, అర మిల్లీలీటరు ఎక్కించేసింది. “అవ్వళవుదాన్!” అంతేనట.

ఏదైనా తేడా చేస్తుందేమో చూడాలని అరగంట కూర్చోబెట్టారు. అందులో ఏముందో అక్కడి డాక్టరు చెప్పారు. చచ్చిన వైరస్ ముక్కలట. ‘ఏ’ రకానివి రెండు, ‘బీ’ రకానివి రెండు, మొత్తం నాలుగు. ఈ ఫ్లూ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి, రాబోయే సీజనుకి ఏవి పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో చెబుతుందట. అంటే మన ఉగాది పంచాంగ శ్రవణం లాంటిదే. ఆదాయం రెండు, వ్యయం రెండు. కాకపోతే వీళ్ళు ఏడాదికి రెండుసార్లు చదువుతారు.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగారు, ఏం వేశారని. బిల్లు మీదున్న తమిళం మాటే చదివాను: “తడుప్పూసి.”

“తడిపి పూసేదానికి అంత డబ్బా? ఇంట్లో అమృతాంజనం ఉండె గదా!”

ఇక్కడ నేను నవ్వి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఊసి అంటే సూది అత్తయ్యా, తడుప్పూసి అంటే టీకా, వైరస్ రాకుండా, అని విడమరిచాను. ఆవిడ ‘టీకా’, ‘వైరస్’ అన్న రెండు మాటలు మాత్రం పట్టుకుని ఫోను తీసుకుని బాల్కనీలోకి పోయారు.

ప్రపంచంలో కరోనా టీకా కోసం ఇంకా ట్రయల్స్ జరుగుతున్న రోజులవి. సాయంత్రానికల్లా నెల్లూరు, కావలి, గూడూరుల్లో నేను వేయించేసుకున్నాను.

మొదటి ఫోను మా ఆవిడ పెద్దమేనమామది. పెళ్ళిలో కాఫీ చల్లారిందని అలిగిన మనిషి, మళ్ళీ పలకరించింది ఆరోజే. “ఏమబ్బాయ్, పెద్ద పలుకుబడే సంపాదించావే. మాకూ రెండు చూడు. ఐసు డబ్బాలో పెట్టి కారుకిచ్చి పంపు. కాదంటే చెప్పు, ఈ-పాస్ తీసుకుని మేమే వస్తాం.”

“మామయ్యా, ఇది కరోనాకి కాదు, ఫ్లూకి.”

“రెండూ జలుబే గదయ్యా!”

ఏడు ఫోన్లు వచ్చాయి. కాదని చెప్పిన కొద్దీ నాకు పిసినారి పేరు స్థిరపడింది. “దొంగగా దొరికిన సరుకు, బయటికి ఎట్ట చెప్తాడు పాపం” అని నన్ను సమర్థించినావిడ కూడా ఉంది. మర్నాడు చెయ్యి బరువెక్కి, ఒళ్ళు కాస్త వెచ్చబడితే అత్తయ్య సంతోషంగా ప్రకటించారు: “ఒరిజినలే!” ఆ మాట కూడా బాల్కనీలోంచే నెల్లూరు చేరింది.

అసలు టీకా 2021 జనవరి 16న మొదలైంది. ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన వాళ్ళందరికీ వేస్తుంటే మామయ్య మొదటి వారంలోనే వేయించుకుని ఫోటో పెట్టారు, బనియను తెల్లగా మెరిసిపోతూ. నా వయసు వాళ్ళకి మే నెలలో తలుపు తీశారు. కోవిన్‌లో స్లాటు కనిపించడం, నేను నొక్కేలోపు మాయమవడం. పది రోజులు అదే పని. గతిలేక ఆయనకే ఫోన్ చేశాను, నెల్లూరులో ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోమని.

“నీకెందుకబ్బాయ్,” అన్నారాయన చల్లగా, “పోయిన అక్టోబర్లోనే కానిచ్చావు గదా!”