ఓటీపీ నడిసంద్రంలో ఉంటే

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే వేలం మొదలవుతుంది. కానాగంతలో, కవ్వళ్లో, గిట్టుబాటైన సరుకు తట్టకెత్తుకుని మత్స్యకారుల పెదజాలారిపేట ఆడవాళ్లు వీధులవెంట తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఆరోగ్య సర్వే అంటూ పొద్దున పదింటికి వెళ్తే తలుపులకు తాళాలే కనిపిస్తాయి. ఎన్నింటికి వెళ్తే మనిషి దొరుకుతుందో ఆ వీధి ఆశా కార్యకర్తకు తెలుసు. ఆరోగ్య యాప్‌లు తయారుచేసేవాళ్లు ముందు ఆమెను అడగాలి కదా!

అసలు చిక్కు ఫోన్ దగ్గర. ఆరోగ్య రికార్డులను ఒకచోట చేర్చే 14 అంకెల ఆభా నంబరును ఆధార్ ఓటీపీతో తీసుకోవాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్ చేతిలో ఉండాలి. ఇంటికి ఒకే ఫోన్ ఉన్నచోట ఆ నంబరు ఎక్కువగా మగవాళ్లదే. మరబోటు మీద పనికెక్కితే ఆ మనిషి రోజుల తరబడి రాడు, తీరం దాటాక సిగ్నలూ ఉండదు. ఓటీపీ మాత్రం నిమిషాల్లో చెల్లిపోతుంది. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పోషకాహారానికి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. దానికి ముందు ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం, దానికీ ఓటీపీ. సరుకు పక్కదారి పట్టకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ బాలింత ఎదురుగా నిలబడినా, ఆమె ఎవరి కోడలో అంగన్‌వాడీ టీచర్‌కు తెలిసినా, రుజువు మాత్రం సముద్రంలో ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఇలాంటి యాప్‌ను ఆ రోజుల్లో పేటలో పరీక్షించారనుకోండి, అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. మగవాళ్లూ ఇంట్లోనే, ఫోన్లూ ఇంట్లోనే. బోట్లు కదిలాక గానీ లోపం బయటపడదు. ఈ లెక్క పేటలో బడిపిల్లను అడిగినా చెబుతుంది. ఎక్కడో ఢిల్లీలో స్క్రీన్లు గీసేవాళ్లకు తట్టకపోవడంలో వింత లేదు. పేట మనిషిని పక్కన కూర్చోబెట్టుకోకపోవడమే తప్పు.

1970ల ఆరంభంలో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘం కంప్యూటర్ శాస్త్రవేత్త క్రిస్టెన్ నైగార్డ్‌తో కలిసి ఇదే పట్టు పట్టింది. ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ల విషయంలో తమ మాటా చెల్లాలని అడిగింది. భాగస్వామ్య రూపకల్పన అని నేడు పిలుస్తున్న పద్ధతికి ఉన్న మూలాల్లో అదొకటి. అక్కడ వెనక సంఘం బలం ఉంది. మన దగ్గర భాగస్వామ్యం అంటే చాలాసార్లు యాప్ తయారయ్యాక ఒక మీటింగు, టీ బిస్కెట్లు, గ్రూప్ ఫొటో.

పాడేరు, అరకు వైపు వెళ్తే (2022 నుంచి అల్లూరి జిల్లా అయినా విశాఖవాసికి అది ఇంకా మన ఏజెన్సీయే) చిక్కు మరో రకం. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లకు తెలుగు యాప్ కూడా పరాయి భాషే. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే గూడెంలో ముందు ఏం కావాలని అడిగితే యాప్ అని ఎవరూ అనరు, రోడ్డు అంటారు. ఆ జవాబు చెప్పనివ్వడమూ రూపకల్పనలో భాగమే. యాప్ వద్దనే వీలు లేని చర్చకు పిలిచి లాభమేంటి?

పేట ఆడవాళ్లను ఒక రోజు కూర్చోబెడితే ఆ రోజు బేరం పోతుంది. ఇంజినీరుకు జీతం ఇచ్చినట్టే ఆ నష్టాన్నీ లెక్కగట్టి ఇవ్వాలి. మీటింగు కలెక్టరేట్‌లో పెట్టొద్దు. పేటలోనే, సాయంత్రం పూట, తట్టలు దించాక పెట్టాలి. అదీ బోట్లు వేటలో ఉన్న నెలల్లో.