అదనపు సమయం ఇస్తే చదవడం వచ్చేస్తుందా?

మా అమ్మాయి మూడో తరగతి. క్లాసులో పిల్లలు వంతులవారీగా పాఠం పైకి చదివేటప్పుడు, తనకంటే ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, తన వంతుకు ఏ పేరా వస్తుందో పోల్చుకుని, పక్కన కూర్చున్న స్నేహితురాలి చేత దాన్ని గుసగుసగా చదివించుకుని బట్టీ పట్టేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు టీచరు ఎవరితోనో వరుసగా రెండు పేరాలు చదివించడంతో లెక్క తప్పింది. పుస్తకంలో ఉన్నది ఒకటి, మా అమ్మాయి అప్పజెప్పింది మరొకటి. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం డైరీలో 'శ్రద్ధ లేదు' అని రాసి వచ్చింది. అంత పకడ్బందీగా లెక్క కట్టిన పిల్లకు లేనిది శ్రద్ధేనట!

ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. ఇది కంటి జబ్బు కాదు, కళ్ళజోడుతో పోదు. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. మాటలో ఉన్న ధ్వనులను విడదీసి, ఒక్కో ధ్వనిని దాని అక్షరంతో ముడివేసే పని చాలామంది పిల్లలకు కొన్నాళ్ళకు అలవాటైపోతుంది, ఈ పిల్లలకు మాత్రం అది ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. అందుకే మా అమ్మాయి మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తుంది. 'పలక' అని ఉంటే 'పడవ' అని చదివేసి ముందుకు పోతుంది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు పర్సీ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి రాస్తూ, చదువంతా నోటిమాటగా చెప్పగలిగితే బడిలో వాడే అందరికంటే చురుకైనవాడవుతాడని వాడి మాస్టారు అన్నట్టు నమోదు చేశారు. ఆ సంగతి తెలిసి నూట పాతికేళ్ళు దాటినా, మేము మొదట విన్న సలహా 'కాస్త ఆగండి, పెద్దయితే అదే వస్తుంది' అన్నదే. ఆగాం. ఏడాది పోయింది, తనకు చదువు రాదన్న నమ్మకం మాత్రం పిల్లలో గట్టిపడింది.

పరీక్షలు చేయించి నివేదిక చేతికిచ్చాక పాఠశాల వైఖరి మారిన మాట నిజమే. పరీక్షలో అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించే మనిషి, అక్షరదోషాలకు మార్కులు తగ్గించకపోవడం, ఇవన్నీ ఒప్పుకున్నారు. వీటిని దయగా కాక హక్కుగానే చూడాలి, చదవడం పట్టుబడేదాకా వదులుకోనూ కూడదు. సైన్సు పాఠం చెవితో విని అర్థం చేసుకోగల పిల్లను అక్షరాల దగ్గర ఆపేస్తే ఆ విషయజ్ఞానం కూడా వెనకబడుతుంది. నా అభ్యంతరమల్లా, ఈ వెసులుబాట్లు ఇచ్చి తమ బాధ్యత తీరిపోయిందనుకోవడం మీదే. చదవలేని పేజీ ముందు ఇంకో అరగంట కూర్చోబెడితే పిల్ల ఇంకో అరగంట బాధపడుతుంది, అంతే.

కావలసింది నేర్పడం. తేలికైన ధ్వనులతో మొదలుపెట్టి, ఒకటి గట్టిపడ్డాకే రెండోదానికి వెళుతూ, నిన్నటిది ఇవాళ మళ్ళీ తిరగేస్తూ, ఇద్దరు ముగ్గురు పిల్లలతో దాదాపు రోజూ చేయవలసిన పని అది. 'ఇంట్లో ఇంకాస్త చదివించండి' అంటే సరిపోదు (చదివించాం, రాత్రి తొమ్మిదింటికి ఇద్దరమూ ఏడ్చాం). క్లాసు నిండా పిల్లలున్న టీచరు ఒక్కరే ఈ భారమంతా మోయలేరని నాకు తెలుసు. ఆవిడకు శిక్షణా, సమయమూ ఇవ్వవలసింది యాజమాన్యమే.

ఈమధ్య జరిగిన సమావేశంలో నేను ఒక్కటే అడిగాను: వారానికి ఎన్ని రోజులు, ఎవరు, ఏ పద్ధతిలో మా అమ్మాయికి చదవడం నేర్పుతారు? కాసేపు కాగితాలు తిరగేసి, పరీక్షల్లో ఇచ్చే అదనపు నిమిషాల పట్టిక మళ్ళీ నా చేతిలో పెట్టారు.