ఎర్ర లైటు పీకేస్తే ఛార్జింగ్ వచ్చేస్తుందా?

ఇంకా ఒళ్లు మండిపోతోంది. సర్వీసుకి ఇచ్చిన నా పాత యెజ్డీ బైకుని ఈ సాయంత్రం బెజవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డు నుంచి తీసుకుని గుంటూరు బయల్దేరాను. మంగళగిరి దాటాక, కాజ టోల్‌గేట్ ఇంకా రాకముందే హెడ్‌లైట్ పసుప్పచ్చగా మారి, ఇంజన్ నత్తినత్తిగా కొట్టుకుని ఆగిపోయింది. హైవే మీద చీకట్లో, వెనక లారీలు. బండి పక్కకి లాగి కీ ఆన్ చేస్తే ఎర్ర ఛార్జింగ్ లైటు వెలగలేదు. డూమ్ (హెడ్‌లైట్ డబ్బా) విప్పితే లోపల ఆ ఎర్ర లైటు బల్బే లేదు. హోల్డర్ కూడా లేదు. వైరుకి టేపు చుట్టి లోపలికి తోసేశారు.

ఫోన్ చేస్తే ఆ మెకానిక్ ఏమన్నాడో తెలుసా? "అది ఊరికే వెలుగుతోందండి. చూస్తే మీరు టెన్షన్ పడతారని తీసేశాను. పాత బళ్లకి మామూలేనండి."

ఏం మామూలండీ? ఊరికే ఎందుకు వెలుగుతుంది? ఆ బల్బుకి ఒక పక్క కీ మీదుగా బ్యాటరీ, రెండో పక్క డైనమో, అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు డైనమో దగ్గర వోల్టేజ్ ఉండదు, కాబట్టి బ్యాటరీ కరెంటు బల్బులోంచి పోయి ఎర్రగా వెలుగుతుంది. రేస్ ఇస్తే డైనమో కూడా బ్యాటరీకి సమానంగా ఇస్తుంది, రెండు పక్కలా ఒకటే వోల్టేజ్ కాబట్టి లైటు ఆరిపోతుంది. కీ ఆన్ చేస్తే వెలగాలి, రేస్ ఇస్తే ఆరాలి. రేస్‌లో కూడా వెలుగుతోందంటే డైనమోలో కార్బన్ బ్రష్‌లు అరిగాయో, కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే స్విచ్చు) పాయింట్లు నల్లబడ్డాయో, క్రాంక్ బేరింగ్ అరిగి ఆర్మేచర్ (డైనమోలో తిరిగే భాగం) వెళ్లి చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్‌కి రాసుకుంటోందో చూడాలి. చూడటం మెకానిక్ పని. బల్బు పీకడం పనేనా?

పైగా ఇది పాయింట్ల బండి, అంటే పాతకాలం ఇగ్నిషన్. స్పార్క్‌కి కూడా బ్యాటరీ కరెంటే కావాలి. 6 వోల్టుల మీద 35 వాట్ల హెడ్‌లైట్ అంటేనే దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. డైనమో ఇవ్వకపోతే ఆ చిన్న బ్యాటరీ ఎంతసేపు మోస్తుంది? లైటు ఉండుంటే కృష్ణ మీద వారధి దాటకముందే నాకు తెలిసేది, వెనక్కి తిప్పేసేవాడిని.

అసలు ఆ లైటు అన్నీ చెప్పదు. వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడై ఓవర్‌ఛార్జ్ అవుతూ బ్యాటరీ నీళ్లు మరిగిపోతున్నా దానికి తెలియదు. అది చెప్పేదే ఒక్క మాట. ఆ ఒక్క మాట కూడా వినపడకుండా నోరు నొక్కేస్తే ఎట్లా?

మన దగ్గర అన్నిటికీ ఇదే వైద్యం. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఓవర్‌లోడ్ బజర్ మోగుతోందని దాని వైరు తీయించేశారు. అందులో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఎక్కుతారు. మీటింగులో అడిగితే "గోల తగ్గింది కదండీ" అన్నారు. ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు నాకు.

"12 వోల్టులకి మార్చేయ్ బ్రో" అని కామెంట్ పెట్టేవాళ్లు దయచేసి ఆగండి. అది వేరే సంగతి. మైసూరులో తయారైన ఈ బళ్లు ఇదే 6 వోల్టుల డైనమోతో మా నాన్నగారి తరం మొత్తాన్ని మోశాయి. తప్పు డైనమోది కాదు, మీటర్ పెట్టి చూడనివాళ్లది. రేస్‌లో బ్యాటరీ దగ్గర 7 వోల్టుల చుట్టూ వస్తోందా లేదా, చూడటానికి నిమిషం పట్టదు. అది వదిలేసి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "ఆగలేదు చూడండి, ఛార్జింగ్ ఉంది" అంటారు. అట్లా తీస్తే వోల్టేజ్ ఎగిసి ఉన్న బల్బులు మాడిపోతాయి. బ్రష్‌లు మార్చాల్సిన చోట కొత్త బ్యాటరీ అమ్ముతారు, అదీ మళ్లీ దిగిపోతుంది.

వీటన్నిటికంటే నాకు కడుపు మండేది ఇంకోటుంది. పీకిన పార్టు తిరిగి ఇవ్వరు. ఈరోజు హోల్డర్ ఏదని అడిగితే "ఎక్కడో పడేశామండి" అన్నాడు. మా బాబాయ్ బుల్లెట్‌కీ ఇదే జరిగింది. హెడ్‌లైట్ పైన ఒరిజినల్ ఆంప్‌మీటర్ ఉండేది, బ్యాటరీలోకి కరెంటు వస్తోందో, దాన్నుంచి పోతోందో చూపించే మీటర్. స్లోలో హెడ్‌లైట్ వేస్తే ముల్లు మైనస్‌కి వాలేది, రేస్ ఇస్తే ప్లస్‌కి వచ్చేది. బాబాయ్ ప్రతి ప్రయాణంలో ఒక కన్ను ఆ ముల్లు మీదే ఉంచేవాడు. పెయింటింగ్‌కని గుంటూరులో ఒకచోట ఇస్తే, అడక్కుండా ఆంప్‌మీటర్ తీసేసి ఆ చోట గడియారం బిగించారు. "లుక్ వచ్చింది బాబాయ్ గారూ" అన్నారట. టైము చూసుకోడానికి ఆయన చేతికి వాచీ లేదా? పాత మీటర్ ఇమ్మంటే మాటలు దాటేసి, చివరికి పోయిందన్నారు. బాబాయ్ గొడవపడే మనిషి కాదు, ఊరుకున్నాడు. నేను ఊరుకోలేను. ఆ మీటర్ ఎవరికో అమ్ముకున్నారనే నా అనుమానం.

బండి మాది, పార్టు మాది. పాడైనా సరే, కవర్లో వేసి మా చేతికివ్వండి. ఉంచుకోవాలో పారెయ్యాలో మేం చూసుకుంటాం. ఇకమీదట నేను పార్టులన్నీ రాయించి సంతకం పెట్టించుకునే బండి ఇస్తాను, మీరూ అట్లాగే చేయండి.

బెజవాడ, గుంటూరు వైపు ఎవరి దగ్గరైనా పాత బుల్లెట్ ఒరిజినల్ ఆంప్‌మీటర్ ముల్లు కదిలే స్థితిలో ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. డూప్లికేట్ వద్దు. బాబాయ్ బండికి నేనే బిగిస్తాను.